థ్రెడ్ లిఫ్ట్ తర్వాత ముఖంలో తలెత్తే ఇబ్బందులు: సమస్య - పరిష్కారం

థ్రెడ్ లిఫ్ట్ అంటే వదులైన చర్మాన్ని పైకి లాగి పట్టి ఉంచేందుకు సూదితో చర్మం కింద సన్నని దారాలు వేయడం. ఆ దారాలు వేయించుకున్న మొదటి వారం అద్దంలో కనిపించేదంతా సమస్యలాగే ఉంటుంది. ఏది దానంతట అదే సర్దుకుంటుందో, ఏది డాక్టరుకు చూపించాలో తేల్చుకోవడానికి నిన్నటి ముఖాన్ని ఇవాళ్టి ముఖంతో పోల్చి చూడాలి. రోజూ ఒకే వెలుతురులో, ఒకే కోణంలో ఫొటో తీసి పెట్టుకోండి. క్రమంగా తగ్గుతున్న వాటిలో చాలా వరకు ఓపిక పట్టవచ్చు, పెరుగుతున్నదాన్ని మాత్రం ఉపేక్షించకూడదు.

వాపు, కమిలిన మచ్చలు

సూది వెళ్లిన దారిలో సన్నని రక్తనాళాలు చిట్లడం వల్ల వస్తాయి. మొదటి రెండు రోజులు బట్టలో చుట్టిన ఐసును ఒత్తకుండా పది నిమిషాల చొప్పున ఆనించండి. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోండి. నొప్పికి పారాసిటమాల్ చాలు. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. అయితే గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడుతున్నవారు సొంత నిర్ణయంతో ఆపకూడదు. ఒకటి రెండు వారాల్లో ఇవి మాయమవుతాయి. ఒకవైపే గంటల వ్యవధిలో బిగుసుకుంటూ పెరిగే వాపు వేరు. లోపల రక్తం చేరుతోందని దాని అర్థం. తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఫోన్ చేయాలి.

చర్మంపై సొట్టలు, మడతలు

అందరినీ ఎక్కువగా భయపెట్టేది ఇదే. దారానికి ఉన్న సన్నని ముళ్లు చర్మాన్ని మరీ పైపొరలో పట్టుకున్నా, ఒకచోట లాగుడు ఎక్కువైనా సొట్ట పడుతుంది. తేలికపాటివి వాపుతో పాటే ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటాయి. అలా సర్దుకోకపోతే డాక్టరు వేలితో ఒత్తి ఆ ముల్లు పట్టు వదిలిస్తారు. అవసరమైతే సూదితో కింది నుంచి విడదీస్తారు. ఆ పని ఇంట్లో చేయకూడదు. దారం ఎటు నుంచి ఎటు వెళ్లిందో వేసినవారికే తెలుసు. తప్పు దిశలో రుద్దితే ముల్లు జారి, చేయించుకున్న లిఫ్టే పోతుంది. ఒక నెలపాటు ఫేషియల్, ముఖ మసాజ్, రోలర్లు పక్కన పెట్టండి. వీడియోల్లో చూపించే మర్దన చిట్కాలు దారాలు లేని ముఖాలకే!

దారం కొస బయటికి రావడం

జుట్టు మొదలయ్యే చోట వేలికి గట్టిగా, ముల్లులా తగులుతుంది. కత్తిరించిన కొస చర్మం లోపలికి పూర్తిగా వెళ్లకపోవడమో, కదలికకు దారం జరగడమో కారణం. లాగకండి, ఇంట్లోని కత్తెరతో కత్తిరించకండి. సూక్ష్మక్రిములకు అది తెరిచిన తలుపు. శుభ్రమైన గాజుగుడ్డ కప్పి ఒకటి రెండు రోజుల్లో చూపించండి. డాక్టరు కొసను కత్తిరించడమో, దారాన్ని తీసేయడమో చేస్తారు.

నోరు తెరిస్తే నొప్పి

కొన్ని రోజులు మామూలే. మెత్తని ఆహారం చిన్న ముద్దలుగా తినండి, ఆవలింత వస్తే గడ్డం కింద చేయి ఆనించండి. పళ్ల చికిత్సను రెండు మూడు వారాలు వాయిదా వేయండి. టక్కుమని శబ్దం వచ్చి ఒకవైపు జారినట్టనిపిస్తే ముల్లు వదిలి ఉండవచ్చు, చెప్పండి. రెండు వైపులా తేడా మాత్రమే ఉంటే వాపు పూర్తిగా తీసేదాకా తీర్పు ఇవ్వకండి.

వెంటనే డాక్టరును కలవాల్సినవి

ఎరుపు, వేడి, చీము, జ్వరం ఇన్ఫెక్షన్ గుర్తులు. మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలు మింగవద్దు. క్రిములు దారాన్నే పట్టుకుని ఉంటే దాన్ని తీయక తప్పదు. కొన్ని వారాల తర్వాత గడ్డలు లేచినా చూపించాలి, నిదానంగా పెరిగే క్రిములూ ఉంటాయి.

తింటున్నప్పుడు చెంప ఉబ్బడం, దారం వేసిన రంధ్రం నుంచి పలుచని ద్రవం కారడం లాలాజల గ్రంథికి దెబ్బ తగిలిందనడానికి సూచన. నవ్వు వంకరపోవడం, కన్ను మూతపడకపోవడం మత్తు ప్రభావం తగ్గే కొన్ని గంటల తర్వాతా ఉంటే నరం సంగతి చూడాలి.

లిఫ్ట్ తగ్గిపోతోంది

మొదటి వారపు బిగువులో కొంత వాపుదే. పిడిఓ (పాలిడయాక్సనోన్ అనే, ఒంట్లో కరిగే పదార్థం) దారాలు సుమారు ఆరు నెలల్లో కరిగిపోతాయి కాబట్టి ఆ తర్వాత తగ్గడం లోపం కాదు. ఏ రకం దారం, ఎన్ని, ఎక్కడెక్కడ వేశారో రాయించి తీసుకోండి. రేపు వాటిని మరో డాక్టరు తీయాల్సి వస్తే మొదట అడిగేది అదే.