లారీ టైరు కొనేటప్పుడు సైజు పక్కనున్న అంకెలు చూడండి

షాపులో టెన్ ట్వంటీ సైజు టైరు అడిగితే మూడు నాలుగు రకాలు ముందు పెడతారు. అన్నీ డిస్కుకు (టైరు ఎక్కించే ఇనుప చక్రానికి) ఎక్కుతాయి, కానీ అన్నీ ఒకే బరువు మోయవు. డిస్కుకు పడుతుందో లేదో సైజు చెబుతుంది. లోడు ఆగుతుందో లేదో చెప్పేది సైజు పక్కన చిన్నగా ఉండే లోడ్ ఇండెక్స్.

ముందు సైజు. 10.00 ఆర్ 20 అంటే వెడల్పు సుమారు 10 అంగుళాలు, రిమ్ము 20 అంగుళాలు, ఆర్ అంటే రేడియల్ (లోపలి తీగలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా సాగే టైరు). ఆర్ బదులు గీత ఉంటే (10.00-20) నైలాన్ టైరు, అంటే నైలాన్ తాళ్ల పొరలు ఏటవాలుగా వేసిన పాత రకం. 295/80 ఆర్ 22.5లో 295 వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కగోడ ఎత్తు వెడల్పులో 80 శాతం, అంటే 236 మిల్లీమీటర్లు. దాన్ని రెండింతలు చేసి రిమ్ము 571.5 కలిపితే టైరు మొత్తం ఎత్తు దాదాపు 1,044 మిల్లీమీటర్లు. 22.5 ట్యూబ్‌లెస్ రిమ్ము. 20కి ట్యూబు, ఫ్లాప్ (ట్యూబుకూ రిమ్ముకూ మధ్య వేసే రబ్బరు పట్టీ), లాక్ రింగు (టైరు ఊడకుండా పట్టే ఇనుప వలయం) కావాలి. కాబట్టి 20 నుంచి 22.5కి మారాలంటే డిస్కులు కూడా మార్చాల్సిందే.

ఇక అసలు విషయం. 146/143 కె అని ఉందనుకోండి. మొదటి అంకె టైరు ఒంటరిగా ఉన్నప్పుడు, రెండోది జోడులో ఉన్నప్పుడు. 146 అంటే 3,000 కిలోలు, 143 అంటే 2,725. జోడులో ఎందుకు తగ్గుతుందంటే, రెండు టైర్ల మధ్య గాలి సరిగా ఆడక వేడి పెరుగుతుంది, రోడ్డు వాలు వల్ల బరువు రెండింటి మీదా సమానంగా పడదు.

ఆరు టైర్ల లారీకి లెక్క వేద్దాం. 2018లో కేంద్రం యాక్సిల్ (ఇరుసు) మీద మోయదగ్గ బరువులు పెంచాక ముందు యాక్సిల్‌కు 7 టన్నులు, వెనక నాలుగు టైర్ల యాక్సిల్‌కు 11.5 టన్నులు అనుమతి. 146/143 టైర్లు ముందు 6,000, వెనక 10,900 కిలోలే మోస్తాయి. పర్మిట్ ప్రకారమే లోడు వేసినా టైరు మీద భారం ఎక్కువైనట్టే! అదే 152/148 అయితే (ఒంటరిగా 3,550, జోడులో 3,150) ముందు 7,100, వెనక 12,600. సరిపోతుంది. ఆర్సీలో యాక్సిల్ బరువు చూసి, ఈ లెక్క కట్టుకున్నాకే బేరం ఆడండి.

16 పీఆర్ (ప్లై రేటింగ్) అన్నది చూసి మోసపోకండి. లోపల పదహారు పొరలున్నాయని కాదు, అది పాతకాలపు బలం కొలత. ఆల్ స్టీల్ రేడియల్‌లో బాడీ ప్లై (పొర) సాధారణంగా ఒక్కటే. పీఆర్ ఒకటే అయినా లోడ్ ఇండెక్స్ వేరుగా ఉండొచ్చు, ఇండెక్స్‌నే నమ్మండి. చివరి అక్షరం గరిష్ట వేగం, గంటకు: జె 100, కె 110, ఎల్ 120, ఎమ్ 130 కిలోమీటర్లు.

పక్కగోడ మీద గరిష్ట లోడు పక్కనే ఇన్ని పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని కూడా ఉంటుంది. ఆ గాలి ఉంటేనే ఆ బరువు. పొద్దున్నే బండి కదలకముందు కొలవాలి. ఎండలో నడిచి వేడెక్కాక గాలి పెరిగిందని కొంత తీసేస్తే, చల్లారాక తక్కువైపోతుంది. గాలి తక్కువైతే పక్కగోడ ఎక్కువగా మడతపడి, వేడెక్కి, చివరికి పగులుతుంది.

తయారీ తేదీ నాలుగంకెలు: 2324 అంటే 2024లో 23వ వారం. తరచు ఒక పక్కనే ఉంటుంది, డిస్కుకు ఎక్కించకముందే చూసుకోండి. ఐఎస్ఐ గుర్తు కూడా ఉండాలి.

జోడులో రెండూ ఒకే సైజు, ఒకే రకం, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ఒక యాక్సిల్ మీద నైలాన్, రేడియల్ కలపకూడదు. జోడులో ఎత్తు తేడా ఉంటే, ఎత్తున్న టైరు ఎక్కువ బరువు మోసి వేడెక్కుతుంది, పొట్టిది రోడ్డు మీద ఈడ్చుకుపోయి అరుగుతుంది. బండికి ఎక్కించే ముందు రెండు టైర్లనూ పక్కపక్కన నిలబెట్టి, పైన తిన్నని పట్టీ ఉంచితే తేడా కంటికే కనిపిస్తుంది.