తుపాను రోజుల్లో సీపీయూకి ఫోన్ తగిలిస్తున్నారా?

కావలిలో మాది చిన్న జిరాక్స్ షాపు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, వాయుగుండం అన్న మాట టీవీలో వినపడితే చాలు, జిరాక్సుల కంటే ఫోన్లే ఎక్కువ వస్తాయి. "అబ్బయా, కాస్త ఛార్జింగ్ పెట్టు" అంటూనే తడి చేత్తో సీపీయూ ముందున్న యూఎస్‌బీలో వైరు గుచ్చేస్తారు. పోయినేడు దాకా నేనూ కాదనలేదు.

అప్పుడొకాయన స్టూలు జరుపుకుంటుంటే మోకాలు ఆ పిన్నుకు తగిలింది. పోర్టు లోపలి ప్లాస్టిక్ నాలుక విరిగి, దాని మీది రేకులు ఒకదానికొకటి అంటుకున్నాయి. స్క్రీన్ మీద ఓవర్ కరెంట్ అని వచ్చి సిస్టం ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేసినా అదే వరస. కేబినెట్ విప్పి, ముందు పోర్టుల నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే సన్న వైరు పీకేస్తే గానీ లేవలేదు. వెనక పోర్టులు నేరుగా బోర్డు మీదే ఉంటాయి. తప్పనిసరైతే అక్కడ పెట్టండి.

ఇంతా చేసి ఎక్కేదెంత? మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర అర ఆంపియర్, అంటే రెండున్నర వాట్లు. నీలం రంగు 3.0 అయితే నాలుగున్నర. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ నిండాలంటే రెండున్నర వాట్లతో రాత్రంతా పడుతుంది. మధ్యలో వీడియోలు చూస్తే అదీ లేదు.

కరెంటు పోయాక ఫోన్ కోసం యూపీఎస్ మీద కంప్యూటర్ నడపడం ఇంకా దండగ. రెండున్నర వాట్ల కోసం డెబ్బై, ఎనభై వాట్లు తగలేసి, పావుగంటలో బ్యాటరీ ఖాళీ చేస్తాం. కంప్యూటర్ ఆపేసి, ఫోన్ ఛార్జర్‌నే యూపీఎస్‌కి పెట్టుకోండి. లోడు మరీ తక్కువైతే కొన్ని యూపీఎస్‌లు వాటంతటవే ఆగిపోతాయి, వానలకు ముందే ఒకసారి చూసుకోండి.

అసలు భయం ఎర్తింగ్ గురించి. అది లేని ఇంట్లో సీపీయూ రేకు మీద చెయ్యి పెడితే జివ్వుమంటుంది. యూఎస్‌బీ వైరు పిన్ను చుట్టూ ఉండే రేకుకీ ఆ కేబినెట్‌కీ లంకె ఉంటుంది కాబట్టి ఆ జివ్వు ఫోన్ దాకా వస్తుంది. తడి నేల, ఒట్టి కాళ్లు అయితే మరీ ప్రమాదం. టెస్టర్ పెట్టి చూడండి, వెలిగితే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను విరగ్గొట్టి వాడేవాళ్లకి ఏం చెప్పాలో నాకు తెలీదు.

ఉరుములు మొదలవకముందే ప్లగ్గులు పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు. తడిసిన ఫోన్ ఆరేదాకా ఎక్కడా పెట్టొద్దు. పరాయి కంప్యూటర్‌కి పెడితే, ఫోన్ అడిగినప్పుడు ఛార్జింగ్ మాత్రమే అన్నది నొక్కండి.

మా సీపీయూ ముందు పోర్టులకు ప్లాస్టర్ అంటించి "పనిచేయవు" అని రాశా. అబద్ధమేం కాదు, పీకిన వైరు మళ్లీ తగిలించలేదు.