కాస్మెటిక్స్ తయారీకి కుసుమ నూనె బల్క్‌లో కొనడం ఎలా?

కుసుమ నూనె బల్క్‌లో కావాలనుకోగానే చాలామంది మొదట అడిగేది కేజీ రేటెంత అని. ఆ ప్రశ్న చివర్లో రావాలి. ఎందుకంటే ఒకే పేరుతో రెండు వేర్వేరు రకాల నూనె అమ్ముతారు, పైగా ఒకే రకంలో కూడా కొత్తగా తీసిన బ్యాచ్‌కీ, నెలల తరబడి వేడి గోడౌన్‌లో పడున్న బ్యాచ్‌కీ చాలా తేడా ఉంటుంది, ఈ రెండూ తేల్చుకోకుండా రేట్లు పోల్చి ఏం లాభం లేదు.

స్టెప్ 1: ఏ రకం కావాలో తేల్చుకోండి

మొదటిది హై లినోలిక్, అంటే మామూలు కుసుమ నూనె. ఇందులో లినోలిక్ యాసిడ్ (నూనెలో ఉండే ఫ్యాటీ యాసిడ్‌లలో ఒకటి) సుమారు 68 నుంచి 83 శాతం దాకా ఉంటుంది. చర్మం మీద చాలా తేలిగ్గా ఉంటుంది, జిడ్డు తక్కువ, అందుకే ఫేస్ సీరమ్‌లు, లైట్ లోషన్‌లు చేసేవాళ్ళు దీన్ని ఇష్టపడతారు. కానీ గాలి తగిలితే త్వరగా ఆక్సిడైజ్ అవుతుంది. ఆర్టిస్టులు వాడే ఆయిల్ పెయింట్స్‌లో, ముఖ్యంగా తెలుపు రంగుల్లో, కలిపేది కూడా ఈ నూనెనే, గాలికి ఆరి గట్టి పొరలా మారే గుణం ఉంది కాబట్టి. అదే గుణం మీ బాటిల్ పంప్ మూతి దగ్గర జిగురులా కనిపిస్తే కస్టమర్ ఊరుకోడు కదా.

రెండోది హై ఓలిక్. ఇందులో ఓలిక్ యాసిడ్ 70 శాతం పైనే ఉంటుంది, లినోలిక్ 20 శాతం లోపే. కొంచెం బరువుగా అనిపిస్తుంది కానీ ఎక్కువ కాలం నిలుస్తుంది. మసాజ్ ఆయిల్, బామ్, సబ్బు లాంటివాటికి నా ఓటు దీనికే. సబ్బులో హై లినోలిక్ ఎక్కువ వేస్తే కొన్నాళ్ళకి నారింజ రంగు మచ్చలు, పాడైన వాసన వచ్చే రిస్క్ ఉంటుంది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: చాలాసార్లు రెండు రకాలకీ పేపర్ల మీద ఒకటే ఇన్సీ పేరు (కాస్మెటిక్ లేబుల్ మీద రాసే అంతర్జాతీయ పేరు), కార్తమస్ టింక్టోరియస్ సీడ్ ఆయిల్ అని, ఒకటే క్యాస్ నంబర్ (రసాయన పదార్థాల గుర్తింపు సంఖ్య) 8001-23-8 ఉంటాయి. కాబట్టి లేబుల్ చూసి రకం చెప్పలేం, ఫ్యాటీ యాసిడ్ ప్రొఫైల్, అంటే ఏ ఫ్యాటీ యాసిడ్ ఎంత శాతం ఉందో చెప్పే పట్టిక, చూడాల్సిందే. ఎంక్వైరీలో బొటానికల్ పేరు కూడా తప్పకుండా రాయండి, ఎందుకంటే కుసుమ్ అనే పెద్ద చెట్టు గింజల నుంచి తీసే నూనె ఇంకోటి ఉంది, దానికీ దీనికీ సంబంధం లేదు.

స్టెప్ 2: గ్రేడ్

కోల్డ్ ప్రెస్డ్‌కి రంగు, వాసన ఉంటాయి, బ్యాచ్ బ్యాచ్‌కీ కొంచెం మారతాయి. రిఫైన్డ్ అంటే బ్లీచ్ చేసి, వాసన తీసేసినది, తెల్లటి క్రీముల్లో, సున్నితమైన పెర్ఫ్యూమ్ ఉన్న ప్రొడక్ట్స్‌లో ఇదే సుఖం. గింజ నుంచి నూనె హెక్సేన్ అనే సాల్వెంట్‌తో తీశారా, గానుగలో ఒత్తి తీశారా అని విడిగా అడగండి, రిఫైన్డ్ అన్నంత మాత్రాన అది తేలదు, ఆర్గానిక్ లేదా నేచురల్ సర్టిఫికేషన్ కావాలనుకుంటే హెక్సేన్ పనికిరాదు. వంటకి అమ్మే రిఫైన్డ్ నూనె చవగ్గా దొరుకుతుంది కదా అని తీసుకుంటే అందులో టీబీహెచ్‌క్యూ లాంటి యాంటీఆక్సిడెంటో, నురగ రాకుండా వేసే సిలికోనో ఉండొచ్చు, కలిపినవన్నీ రాతలో చెప్పమనండి.

స్టెప్ 3: ఎంత కొనాలి

లెక్క చాలా సింపుల్. నెలకి 500 కేజీల లోషన్ చేస్తున్నారు, ఫార్ములాలో నూనె 5 శాతం అనుకుందాం, అంటే నెలకి 25 కేజీలు. డ్రమ్ములో సాధారణంగా 190 కేజీల దాకా పడుతుంది కాబట్టి ఒక డ్రమ్ము ఏడు నెలల పైన వస్తుంది, అందులో సగం కాలం డ్రమ్ము సగానికి పైగా ఖాళీగా, గాలితో నిండి ఉంటుంది, హై లినోలిక్ అయితే అడుగుకి వచ్చేసరికి అది మీరు కొన్న నూనె కాదు. అలాంటప్పుడు కేజీకి కొంచెం ఎక్కువైనా చిన్న క్యాన్‌లలో తీసుకోవడమే నయం. వాడకం నెలకి ఒక డ్రమ్ము దాటాక డ్రమ్ములు, ఇంకా పెరిగితే 1000 లీటర్ల ఐబీసీ అనే పెద్ద ట్యాంక్, అందులో 900 కేజీల పైన పడుతుంది.

స్టెప్ 4: సప్లయర్‌లని వెతకడం

అమ్మేవాళ్ళు మూడు రకాలుగా ఉంటారు. నూనె తీసే మిల్లులు, రిఫైనరీలు పెద్ద పరిమాణంలోనే అమ్ముతాయి, కానీ గింజ ఎక్కడిదో వాళ్ళకి తెలుస్తుంది. కాస్మెటిక్ ముడిసరుకుల డిస్ట్రిబ్యూటర్లు చిన్న ప్యాక్‌లు ఇస్తారు, పేపర్లన్నీ రెడీగా ఉంటాయి, రేటు ఎక్కువ. ఇక రీప్యాకర్లు డ్రమ్ము తెరిచి క్యాన్‌లలో నింపి అమ్ముతారు, వీళ్ళ దగ్గర కొంటే నింపిన తేదీ కాదు, అసలు తయారీ తేదీ అడగండి, ఒరిజినల్ బ్యాచ్ నంబర్ కూడా.

కజకిస్తాన్, మెక్సికో, అమెరికా, ఇండియా లాంటి చోట్ల ఈ పంట పండుతుంది, ఒక్కో ప్రాంతంలో కోత ఏడాదిలో ఒకసారే. అందుకే గింజ ఏ పంటది, నూనె ఎప్పుడు తీశారు అనే రెండు ప్రశ్నలు నేనైతే ఎవర్నీ అడక్కుండా వదలను, సూటిగా జవాబు చెప్పేవాళ్ళతోనే ముందుకెళ్ళడం మంచిది.

స్టెప్ 5: సీఓఏ (సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్) చదవడం

స్పెసిఫికేషన్ షీట్ వేరు, సీఓఏ వేరు. మొదటిది సప్లయర్ ఇచ్చే మాట, రెండోది మీకు వచ్చే బ్యాచ్ రిపోర్ట్, దాని మీద బ్యాచ్ నంబర్, టెస్ట్ చేసిన తేదీ ఉండాలి. అన్ని బ్యాచ్‌లకీ ఒకటే అంకెలు కనిపిస్తే అది కాపీ పేస్ట్ అని అనుమానించండి.

ముందు అయోడిన్ వాల్యూ చూడండి, నూనె ఎంత అన్‌సాచురేటెడ్‌గా ఉందో చెప్పే అంకె ఇది. హై లినోలిక్‌కి 136 నుంచి 148, హై ఓలిక్‌కి 80 నుంచి 100. మధ్యలో 120 అని ఉంటే రెండూ కలిశాయో, వేరే నూనె కలిసిందో, ఏదో ఒకటి జరిగింది. తర్వాత ఫ్యాటీ యాసిడ్‌లలో లినోలెనిక్ అంకె, పేరు లినోలిక్ లాగే ఉంటుంది కానీ ఇది వేరు. అసలైన హై లినోలిక్ కుసుమలో ఇది దాదాపు సున్నా, అందులో ఒక శాతం కనిపించిందంటే సోయా లాంటిది కలిసి ఉండొచ్చు, సోయాలో అది 4.5 శాతం పైనే ఉంటుంది. సన్‌ఫ్లవర్ కలిస్తే మాత్రం ఈ ప్రొఫైల్‌తో పట్టుకోవడం కష్టం, రెండింటి అంకెలూ ఒకదాని మీద ఒకటి పడతాయి, అందుకే గింజ నుంచి ట్రేస్ చేయగలిగే సప్లయర్‌కి అంత విలువ.

ఇక తాజాదనం. తినే నూనెల కోడెక్స్ అనే అంతర్జాతీయ ప్రమాణంలో రిఫైన్డ్‌కి పెరాక్సైడ్ వాల్యూ (నూనె ఎంత ఆక్సిడైజ్ అయిందో చూపే అంకె) 10 దాకా, కోల్డ్ ప్రెస్డ్‌కి 15 దాకా ఒప్పుకుంటారు. కాస్మెటిక్‌కి అది చాలా ఎక్కువ, నా లెక్కలో రిఫైన్డ్ మీ గేటు దగ్గరికి వచ్చేసరికి 5 లోపు ఉండాలి, ఎంత తక్కువైతే అంత మంచిది. ఐతే ఈ ఒక్క అంకెని నమ్మకండి. పాత నూనెని మళ్ళీ డియోడరైజ్ చేస్తే, అంటే వాసన తీసేస్తే, పెరాక్సైడ్ పడిపోతుంది, రిపోర్ట్ మెరిసిపోతుంది, కానీ అది పాడైన జాడ అనిసిడిన్ వాల్యూ అనే ఇంకో అంకెలో మిగిలే ఉంటుంది. రెండూ అడగండి, పెరాక్సైడ్‌ని రెండింతలు చేసి దానికి అనిసిడిన్ కలిపితే వచ్చేదే టోటాక్స్, సప్లయర్‌లని పోల్చడానికి ఇదే బాగా పనికొస్తుంది.

వీటితో పాటు ఎస్‌డీఎస్ (సేఫ్టీ డేటా షీట్), హెవీ మెటల్స్, పురుగుమందుల అవశేషాలు, అలర్జెన్ స్టేట్‌మెంట్, జీఎంఓ స్టేట్‌మెంట్ తీసి ఫైల్‌లో పెట్టుకోండి.

స్టెప్ 6: శాంపిల్ టెస్ట్

వీలైతే వేర్వేరు బ్యాచ్‌ల నుంచి రెండు మూడు శాంపిల్స్ తెప్పించండి, ఒక్క శాంపిల్ అయితే ఉన్నవాటిలో బెస్ట్ ఏరి పంపిస్తారు. కొంచెం నూనె మూత ఉన్న గాజు సీసాలో పోసి గోరువెచ్చగా చేసి మూత తీయగానే వాసన చూడండి, రిఫైన్డ్ అయితే దాదాపు ఏ వాసనా ఉండకూడదు, పెయింట్ వాసనో మైనపు క్రేయాన్ వాసనో వస్తే వదిలేయండి. తర్వాత పోటీలో ఉన్న సప్లయర్‌ల నూనెలన్నీ ఒకే సైజు సీసాల్లో ఒకే ఎత్తుకి పోసి 60 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి రోజూ వాసన చూస్తూ రాసుకోండి, ముందు ఏది చెడితే దాని నిలవ తక్కువ. రకాలు కలపకండి, హై ఓలిక్‌ని హై ఓలిక్‌తోనే పోల్చాలి. ఇది అయ్యాక మీ ఫార్ములాలో చిన్న బ్యాచ్ చేసి 40 డిగ్రీల్లో స్టెబిలిటీ టెస్ట్‌కి పెట్టండి.

స్టెప్ 7: ఆర్డర్

రేటు ఇప్పుడు మాట్లాడండి. రవాణా, ఇన్సూరెన్స్, డ్యూటీ, ల్యాబ్ ఖర్చు అన్నీ కలిపి మీ గేటు దగ్గర కేజీ ఎంత పడుతుందో లెక్కేసి పోల్చాలి. పర్చేజ్ ఆర్డర్‌లో రకం, గ్రేడ్, పెరాక్సైడ్ గరిష్ఠం, తయారై ఎన్ని రోజులు దాటకూడదు, ప్యాకింగ్, రిజెక్ట్ చేస్తే సరుకు ఎవరి ఖర్చుతో వెనక్కి వెళ్తుంది, ఇవన్నీ రాయించండి, ఫోన్‌లో అనుకున్నవి గొడవ వచ్చినప్పుడు నిలబడవు. పంపే బ్యాచ్ శాంపిల్ ముందే తెప్పించుకుని ఓకే చెప్పాకే లోడింగ్. రెండో సప్లయర్‌ని కూడా అప్రూవ్ చేసి ఉంచుకోండి, పంట తగ్గిన ఏడాది అదే ఆదుకుంటుంది.

స్టెప్ 8: సరుకు దించుకున్నాక

సీల్, బ్యాచ్ నంబర్ సీఓఏతో కలుస్తున్నాయా చూడండి, పైనుంచి అడుగు దాకా శాంపిల్ తీసి పెరాక్సైడ్ టెస్ట్ చేయించండి, ఒక చిన్న సీసా నిలవ శాంపిల్‌గా చీకట్లో దాచండి. డ్రమ్ములు చల్లటి నీడలో ఉండాలి, తెరిచిన దాంట్లో నైట్రోజన్ వదిలి మూయగలిగితే చాలా మంచిది. పైపులకి, వాల్వ్‌లకి రాగి, ఇత్తడి వద్దు, నూనెని తొందరగా పాడు చేస్తాయి, స్టెయిన్‌లెస్ స్టీల్ వాడండి. టోకోఫెరాల్ (విటమిన్ ఇ, యాంటీఆక్సిడెంట్‌గా వాడేది) కలపాలనుకుంటే తాజా నూనెలోనే కలపండి, చెడిన నూనెని అది వెనక్కి తేలేదు.

ఇంకొకటి, వర్కర్లకి తప్పకుండా చెప్పండి: హై లినోలిక్ నూనె తుడిచిన గుడ్డలు ఉండలు చుట్టి మూల పడేయకూడదు, ఆక్సిడైజ్ అవుతూ వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్ళలో తడిపి మూత ఉన్న మెటల్ డబ్బాలో వేయాలి.