మోదుగు పూసిన వేళ గుంపుగా పిట్టలను చూసే నడక

ఫాల్గుణంలో మోదుగు, బూరుగు ఆకు రాల్చి పూలతో నిలబడతాయి. దాక్కునేందుకు ఆకుల్లేవు, పైగా పూలలో తేనె ఉంది. గోరింకలు, పికిలిపిట్టలు, తేనెపిట్టలు వెతక్కుండానే కనబడతాయి. వలస బాతులు కూడా కావాలంటే మాత్రం ఉగాదికి ముందే వెళ్లాలి, ఆ తర్వాత చెరువులు ఖాళీ అవుతుంటాయి.

నల్లగొండ వాళ్లకు పానగల్లు ఉదయసముద్రం చెరువు, పాలమూరు వాళ్లకు కోయిల్‌సాగర్ జలాశయం దగ్గర. కొత్తవాళ్లను అమ్రాబాద్ తీసుకుపోవద్దు. అది పులుల అభయారణ్యం, అటవీశాఖ అనుమతి లేకుండా నడవనివ్వరు. పైగా అడవిలో పిట్ట వినబడుతుంది గానీ కనబడదు, గంటలోనే జనం విసుగెత్తిపోతారు.

ముందురోజు పొద్దున ఒకరు వెళ్లి దారి చూసి రావాలి. పొద్దు ఎదురుగా ఉంటే ఏ పిట్టయినా నల్లటి నీడే. కాబట్టి చెరువుకు తూర్పు ఒడ్డున, ఎండ వీపున పడేలా నడవాలి.

మనుషులు ఎనిమిది, మించితే పది. ఇంకా వస్తే రెండు జట్లు చేయండి. పిట్టలు తెలిసినవారు ముందు, లెక్క రాసేవారు చివర. ఉదయం 6కు చేరుకుని 9కి ముగించాలి, ఎండెక్కితే పిట్టలూ నీడకు చేరతాయి. రెండు కిలోమీటర్లు చాలు. ఇరవై అడుగులు వేసి రెండు నిమిషాలు ఆగడమే అసలు పని. తెల్ల చొక్కాలు వద్దు, మనిషికో లీటరు నీళ్లు, కాళ్లకు బూట్లు.

బైనాక్యులర్ 8×42 ది (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మి.మీ.) తీసుకోండి. 10 రెట్లది చేతిలో వణుకుతుంది. బయల్దేరే ముందే సరిచేసుకోవాలి: కుడికన్ను మూసి, నడిమి చక్రంతో ఎడమకన్నుకు బొమ్మ తేటగా తెచ్చుకోండి. తర్వాత ఎడమకన్ను మూసి, అదే వస్తువును చూస్తూ కుడివైపు రింగు తిప్పండి. కళ్లద్దాలుంటే రబ్బరు కప్పులు లోపలికి దించాలి. కొత్తవాళ్లు బైనాక్యులర్‌లోంచే పిట్టను వెతుకుతారు, దొరకదు. పిట్ట మీది చూపు తీయకుండా బైనాక్యులర్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి.

చెయ్యెత్తి చూపిస్తే పిట్ట ఎగిరిపోతుంది. చెట్టును గడియారం అనుకుని "రెండు గంటల కొమ్మ" అని మెల్లగా చెప్పండి. కంసాలిపిట్ట తల తిప్పుతూ టుక్ టుక్‌మంటుంది, అందుకే శబ్దం ఒకచోట, పిట్ట ఇంకోచోట ఉన్నట్టుంటుంది. చిటారు ఎండుకొమ్మ చూడండి. కరెంటు తీగ మీది పాలపిట్ట మట్టిరంగులోనే ఉంటుంది, ఎగిరితేనే రెక్కల నీలం బయటపడుతుంది. ఓపిక పట్టాలి.

ఫోన్‌లో పిట్టకూతలు వినిపించవద్దు. ఇది గూళ్ల కాలం. పోటీదారు వచ్చాడనుకుని మగపిట్ట గూడు వదిలి వస్తుంది.

తీతువు నెత్తిమీద అరుస్తూ తిరుగుతుంటే గుడ్లు దగ్గర్లోనే ఉన్నట్టు. గూడంటూ ఉండదు, గులకరాళ్ల మధ్య గులకరాయి రంగువే, మామూలుగా నాలుగు. ఆగి, కాళ్ల దగ్గర చూసుకుని, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రండి. ఫొటో కోసం నిలబడొద్దు: తల్లి నీడ తప్పితే ఎండకు గుడ్లు ఉడికిపోతాయి. అది పొట్ట ఈకలు నీళ్లలో తడిపి తెచ్చేది వాటిని చల్లబరచడానికే.