ఫుట్‌పాత్ ర్యాంపు సరిచేయించాలంటే ముందు టేపు పట్టుకోండి

మన చిన్న ఊళ్లలో ఫుట్‌పాత్‌కి ర్యాంపు ఉందంటే చాలావరకు అది బైక్ ఎక్కించుకోవడానికి ఎవరో పోసిన సిమెంటు ముద్దే. దాని మీద వీల్‌చైర్ ఎక్కదు, బలవంతంగా ఎక్కిస్తే వెనక్కి తిరగబడుతుంది. చేతికర్రతో నడిచే పెద్దవాళ్లు కూడా ఆ గొడవెందుకని రోడ్డు మీదే పోతారు. మీ వార్డులో దీన్ని మార్పించాలనుకుంటే అర్జీ రాసేముందు కొలతలు తీయండి.

లెక్క తేలికే. అంగుళం ఎత్తుకి అడుగు పొడవు ఉండాలి, అంతకన్నా నిటారుగా ఉండకూడదు. కెర్బు రాయి, అంటే ఫుట్‌పాత్ అంచు రాయి, ఆరంగుళాల ఎత్తుంటే ర్యాంపు ఆరడుగులన్నమాట. ఉన్న ర్యాంపు ఎలా ఉందో చూడాలంటే మేస్త్రీని రసమట్టం (స్పిరిట్ లెవెల్), మూడడుగుల చెక్క అడగండి. చెక్క ఒక కొసను ర్యాంపు పైభాగంలో ఆనించి, చెక్క మీద రసమట్టం పెట్టి, దాని బుడగ మధ్యకి వచ్చేదాకా చెక్క కిందివైపు కొసను లేపి, ఆ కొస కింద ఖాళీ ఎంతుందో కొలవండి. మూడంగుళాలు దాటిందా, ఏటవాలు ఎక్కువే. టేపు కనపడేలా ఫోటో తీసుకోండి.

అసలు చిక్కు ఎక్కడంటే, ఫుట్‌పాతే నాలుగడుగులుంటే ఆరడుగుల ర్యాంపు ఎక్కడ పడుతుంది? కాంట్రాక్టర్ దాన్ని కురచ చేసేస్తాడు, లేదా రోడ్డు మీదకి జరిపేస్తాడు, అప్పుడు అది అడ్డుపడి వాన నీళ్లు అక్కడే నిలుస్తాయి. రెండూ ఒప్పుకోకండి. దాటే చోట ఫుట్‌పాత్ మొత్తాన్నీ రోడ్డు మట్టానికి దించి, రెండు పక్కల నుంచీ ఫుట్‌పాత్ పొడవునా వాలు ఇవ్వమనండి. కాస్త ఎక్కువ పగలగొట్టాలి, పక్క షాపు మెట్లు అడ్డొస్తే ఆయనతో ముందే మాట్లాడుకోవాలి, కానీ ఇరుకు ఫుట్‌పాత్‌కి ఇదే సరైన దారి.

వెడల్పు నాలుగడుగులకి తగ్గొద్దు. రోడ్డుతో కలిసే చోట చిన్న అంచు కూడా మిగలకూడదు, వీల్‌చైర్ ముందు చక్రాలు చిన్నవి కాబట్టి అక్కడే ఆగిపోతాయి. నున్నటి టైల్స్ వద్దు, కాంక్రీటు పచ్చిగా ఉండగానే చీపురుతో అడ్డంగా గీతలు లాగించి, వారమైనా నీళ్లతో తడుపుతూ క్యూరింగ్ చేయించండి. కింద అంచున ఉబ్బెత్తు చుక్కలున్న పసుపు పలకలు వేయిస్తే చూపు లేనివాళ్లకి రోడ్డు మొదలైందని కాలికి తెలుస్తుంది. రోడ్డుకి అవతలివైపు ర్యాంపు లేకపోతే ఇవతలిది ఉన్నా దండగే, కాబట్టి జంటగా అడగండి.

అర్జీలో దివ్యాంగుల హక్కుల చట్టం 2016, భవనాలు, రోడ్లు అందరికీ అందుబాటులో ఉండాలని కేంద్రం 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రస్తావించండి. ఇలాంటి ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు కోసం నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే. అర్జీని తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రలో పీజీఆర్ఎస్‌లో (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక) ఇచ్చి రసీదు తీసుకోండి, ఒక కాపీ మున్సిపల్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీర్) కూడా ఇవ్వండి. ఎస్టిమేట్ తయారవ్వకముందే ఆయన్ని కలవడం మంచిది, టెండర్ అయ్యాక కొలత మార్చమంటే ఎవరూ వినరు.

బిల్లు పాసయ్యేలోపు ఊళ్లో వీల్‌చైర్ వాడే మనిషినే పిలిచి, వెనక ఎవరూ నెట్టకుండా ఎక్కి చూడమనండి. తర్వాతెప్పుడైనా రోడ్డుకి కొత్త తారు పొర వేస్తుంటే పాత పొర చెక్కి వేయమని అడగండి, లేదంటే రోడ్డు మట్టం పెరిగి ర్యాంపు మొదట్లో మళ్లీ గుంట పడుతుంది.