పబ్లిక్ హియరింగ్‌కి ఒట్టి చేతుల్తో పోబాకండి

రామాయపట్నం దగ్గర బీపీసీఎల్ (భారత్ పెట్రోలియం) రిఫైనరీ అన్న మాట పుట్టిన కాడ్నుంచి మా గుడ్లూరు, కావలి వైపు ఎవర్ని కదిలిచ్చినా రెండే ప్రశ్నలు, ఎకరం ఎంత, ఉద్యోగాలెన్ని. అడగాల్సిందే, కానీ ఇట్టాంటి వాటికి పబ్లిక్ హియరింగ్ అని, జనం అభిప్రాయాలు వినే సభ ఒకటుంటది, దాన్ని తిరణాల మాదిరి చూసొస్తే ఏం లాభం లేదు.

2006 ఈఐఏ (పర్యావరణం మీద ప్రభావం అంచనా) నోటిఫికేషన్ ప్రకారం సభకి కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన రావాల. అది పడ్డ రోజే పంచాయతీకో కలెక్టరాఫీసుకో పోయి ఆ ఈఐఏ డ్రాఫ్ట్ రిపోర్ట్ అడగండి, తెలుగులో సారాంశం కూడా ఉంటది. మొత్తం చదవలేకపోయినా మ్యాపు తీసి మీ చెరువు, మీ బోర్లు, పడవలు లాగే చోటు అందులో ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే మీ మొదటి పాయింటు అదే. (చమురు వెతకడానికి వేసే బావులకి 2020 జనవరి నుంచి ఈ హియరింగ్ తీసేశారు, నాకైతే అది అన్యాయమే అనిపిస్తది.)

నేను పోయిన ఒక హియరింగ్‌లో ఒకాయన మైకు పట్టుకోని ఇరవై నిమిషాలు ఊగిపోయాడు, చప్పట్లే చప్పట్లు, తీరా మినిట్స్‌లో (సభలో ఎవరేం మాట్లాడారో రాసే రికార్డులో) ఆయన గురించి ఒక్క లైను, 'అభ్యంతరం తెలిపారు' అని. ఆయన వెనకాలే ఒక పట్టపోళ్ల పెద్దాయన నోట్‌బుక్కులోంచి చించిన కాయితం తీసి, ఏ నెలలో ఏ చేప పడతది, వల ఎంత దూరంలో వేస్తారు, ఎన్ని పడవలు, అంతా చదివి ఆ కాయితం ఆఫీసరు చేతికే ఇచ్చాడు. అది మొత్తం ఎక్కింది.

బిర్యానీ పొట్లం తీసుకోని బయల్దేరబాకండి. చివర్లో మినిట్స్ తెలుగులో చదివి వినిపించాల, అది రూలు. మీ మాట రాకపోతే అక్కడే లేచి అడగండి, వీడియో కూడా తీస్తా ఉంటారు గదా.

ఇంక సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు. పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టంలోనే ఉంది, చుట్టుపక్కల ఊళ్లకి ప్రాధాన్యం ఇవ్వమని కూడా ఉంది. కాబట్టి ఆర్వో ప్లాంటు పెట్టిస్తే సంతోషం, కానీ నష్టపరిహారం వేరే లెక్క, చట్టం ప్రకారం ఎట్టాగూ చెయ్యాల్సిన పనిని సీఎస్ఆర్ కింద చూపించకూడదు. ఆర్వో ప్లాంటు ఇచ్చాం గదా అని పరిహారం మాట దాటేస్తే ఊరుకోబాకండి.

పైపులైను మీ చేలో పోతా ఉంటే గెజిట్ నోటిఫికేషన్ నుంచి 21 రోజులే టైము, అభ్యంతరం రాసిచ్చి రసీదు తీసుకోండి. పంట వేసుకోవచ్చు గానీ ఆ స్ట్రిప్పులో బావి, ఇల్లు, చెట్లు కుదరవు, నిమ్మతోట ఉన్నోళ్లు ముందే లెక్క చూసుకోండి.