మార్గిట్ దగ్గర ఆగిపోయావా? దక్షిణానికి పో

తమ్ముడూ, నీ తిట్లు మన మారతహళ్లి పీజీలో కింది అంతస్తు దాకా వినపడుతున్నాయి. ఎల్డెన్ రింగ్ వీడియో గేమ్‌లో కోట దారికి అడ్డం నిలబడే బాస్ మార్గిట్ నిన్ను చితకబాదుతున్నాడంటే నువ్వు తొందరపడి వచ్చావని అర్థం. కోట ఎక్కడికీ పోదులే.

నీ గుర్రం టోరెంట్ ఎక్కి వంతెన దాటి దక్షిణాన ఉన్న వీపింగ్ పెనిన్సులాకి పో. అక్కడి మూడు చర్చిల్లోనూ సేక్రెడ్ టియర్ ఒక్కోటి దొరుకుతుంది, దాంతో ఫ్లాస్క్ గుక్కకి ఎక్కువ ప్రాణం పోస్తుంది. వచ్చిన రూన్లన్నీ, అంటే లెవెల్ పెంచుకునే పాయింట్లన్నీ, ప్రాణం పెంచే విగర్‌కే పెట్టు, 20 వచ్చేదాకా ఇంకోవైపు చూడకు. అందరూ మొదట బలమే పెంచుతారు, రెండు దెబ్బలకి పోతారు.

తర్వాత కత్తి. లిమ్‌గ్రేవ్ టన్నెల్స్ గనిలో కత్తి బలం పెంచే స్మితింగ్ స్టోన్లు ఏరుకో, మొదటి రకంవి 12 ఉంటే చర్చ్ ఆఫ్ ఎల్లే దగ్గరి దాగలి మీదే మామూలు కత్తిని +3 స్థాయి దాకా తేవచ్చు. టోరెంట్ వచ్చాక అదే చర్చిలో రెన్నా అనే మంత్రగత్తె కనపడుతుంది, ఆవిడిచ్చే గంటతో తోడేళ్ల ఆత్మల్ని పోరులో సాయానికి పిలవచ్చు. సిగ్గుపడకు, పిలువు.

ఇక మార్గిట్. వాడు కర్ర ఎత్తి సిల్క్ బోర్డ్ సిగ్నల్‌లా అలాగే ఆపేస్తాడు. ఎత్తగానే దొర్లావో, అయిపోయావు. చెయ్యి కిందికి కదిలాకే దొర్లు, పక్కకి కాదు, వాడి మీదికే. పొగమంచు తెర ముందు నేల మీద బంగారు రంగు గుర్తుంటుంది చూడు, అది నొక్కితే రోజియర్ అనే మాంత్రికుడు సాయానికొస్తాడు.